ఏడు మెట్లు, పద్నాలుగు అడుగుల ర్యాంపు

నేను లాల్‌సాబ్‌గూడకు పంచాయతీ కార్యదర్శిగా వచ్చింది రెండువేల తొమ్మిది జూన్‌లో. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు పోయే అడ్డరోడ్డు మీద నాలుగు వందల గడపల ఊరు. సగం పొలాల్లో అప్పటికే హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేసేశారు. మిగిలిన సగంలో ద్రాక్ష పందిళ్లు, కూరగాయల మడులు. పంచాయతీ ఆఫీసు మాత్రం కొత్తది. పాత గదిలోకి వానాకాలం నీళ్లొచ్చి రికార్డులు తడిశాయని ఈసారి పునాది బాగా ఎత్తు లేపారు. ఏడు మెట్లు ఎక్కితే గాని వరండా రాదు. అవి ఏడని నాకు తెలిసింది సుమయ్య వల్లే. రోజూ ఎక్కేవాడు మెట్లు లెక్కపెట్టడు.

చేరిన మూడో రోజున కింద నుంచి ఒక గొంతు వినిపించింది.

"సెక్రటరీ సారూ! జర కిందికొస్తరా?"

కిటికీలోంచి చూశాను. ఆవరణలో చేతులతో తిప్పే మూడు చక్రాల బండి. దాని మీద ముప్పై ఏళ్ల మనిషి, తల మీద ఆకుపచ్చ దుపట్టా, ఒళ్లో ప్లాస్టిక్ కవరు. ఆ కవరు తెమ్మని అటెండరును పంపాను. వాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఇయ్యదంట సార్. మీ చేతికే ఇస్తదంట."

దిగి వెళ్లాను. "ఏమ్మా, ఏం కావాలి? పింఛను రావట్లేదా?"

"పింఛను వస్తాంది సార్. నేను పైకి రావాలె. ర్యాంపు గావాలె."

కవరులో అర్జీ ఉంది. మా మండలంలో ప్లీడరు గుమాస్తాలు కూడా అంత శుభ్రంగా రాయరు. వికలాంగుల చట్టం, సంవత్సరం, సెక్షను, ప్రభుత్వ భవనాల్లో ర్యాంపులుండాలన్న వాక్యం, కింద సంతకం: సుమయ్య, తండ్రి జాఫర్.

"ఇంత చిన్న పనికి అర్జీ ఎందుకమ్మా? నీకు పనిబడితే ఓ కేక వెయ్యి, నేనే దిగొస్తాను. కాదంటే అటెండరుని మీ ఇంటికే పంపిస్తాను." నిజంగా మంచి మనసుతోనే అన్నాను.

ఆమె నవ్వలేదు, కోపగించుకోలేదు. "మీరు మంచోళ్లు సార్. రేపు మీ జాగల ఇంకొకాయన వస్తడు. ఆయన గూడ మంచోడే గావాలని నేను రోజూ దువా చెయ్యాల్నా?"

అర్జీ తీసుకుని రసీదు ఇచ్చాను. రసీదు ఇచ్చేదాకా ఆమె కదల్లేదు.

తర్వాత తర్వాత ఆమె సంగతులు తెలిశాయి. కొన్ని ఊళ్లోవాళ్లు చెప్పారు, కొన్ని ఆమే చెప్పింది. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. జాఫర్ ద్రాక్షతోట కౌలుకు చేసేవాడు. పొద్దున్నే పందిరి పని ముగించుకుని కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లేవాడు. అలా ఏడేళ్లు. ఒకరోజు దారిలో ఎవరో అడిగారట, "ఇంకెన్నేండ్లు మోస్తవ్ జాఫర్ భాయ్?" అని. "నా భుజం ఉన్నన్నేండ్లు" అన్నాడు జాఫర్, నవ్వుతూ. భుజం మీదున్న పిల్లకు ఆ నవ్వు పట్టలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. ఆయన బతిమాలాడు, తిట్టాడు, తిండి మానేశాడు. తండ్రిని ఆమె 'అబ్బా' అంటుంది. "అబ్బా, నన్ను మోసుడు బంద్ జెయ్. చదువుడు నేను బంద్ జెయ్య" అని ఆమె ఒకే మాట మీద నిలబడింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టింది. డిగ్రీ ఓపెన్ యూనివర్సిటీలో. మేడ్చల్‌లో పరీక్ష సెంటరు రెండో అంతస్తు. నాలుగు అర్జీలు పెడితే చివరికి కింద వాచ్‌మెన్ గదిలో కుర్చీ వేశారు. పక్కన గ్యాసు పొయ్యి మీద వాచ్‌మెన్ భార్య పప్పు తాలింపు పెడుతుంటే రాజనీతిశాస్త్రం పేపరు రాసింది. ప్రాథమిక హక్కుల మీద పది మార్కుల ప్రశ్న వచ్చిందట.

బతుకుతెరువు అర్జీలు. తెలుగు, ఉర్దూ రెండూ రాస్తుంది. పాసుబుక్కు తప్పులు, రేషను కార్డు, కరెంటు బిల్లు తగాదా, అన్నీ ఆమె దగ్గరికే. బండి సంగతి వేరే కథ. మేడ్చల్‌లో ఓ నాయకుడి పుట్టినరోజు నాడు ఇచ్చారు దాన్ని. ఇరవై ముగ్గుర్ని ఎండలో నాలుగు గంటలు కూర్చోబెట్టి, ఆయన వచ్చి ఒక బండి మీద చెయ్యేసి ఫోటో దిగి వెళ్లిపోయాడు. బండి వెనక రేకు మీద ఆయన బొమ్మ. సుమయ్య ఇంటికి రాగానే ఆ బొమ్మ మీద ఆకుపచ్చ రంగు పూసి, తెల్లక్షరాలతో 'సుమయ్య – అర్జీలు వ్రాయబడును' అని రాసుకుంది. ఆయన మనుషులు ఇంటికొచ్చి గొడవ చేశారు. జాఫర్ చేతులు జోడించాడు. సుమయ్య జోడించలేదు.

"బండి నాదా, ఆయనదా? నాదైతే నా పేరుంటది. ఆయనదైతే తీస్కపోండి."

కాళ్లు లేని మనిషి కింద నుంచి బండి లాక్కుపోయారన్న పేరు వాళ్లకు అక్కర్లేదు. తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

ర్యాంపు అర్జీని మండలానికి పంపాను. మూడు నెలలకు జవాబొచ్చింది: నిధుల లభ్యతను బట్టి పరిశీలించబడును. ఆ కాగితం చేతికిస్తే సుమయ్య చదివి, కవరులోంచి చట్టం పుస్తకం తీసింది. ఒక పేజీలో ఎర్ర సిరాతో గీత ఉంది. ర్యాంపులు కట్టాలి, దారులు వెయ్యాలి అని చెప్పే వాక్యంలోనే 'తమ ఆర్థిక స్తోమత పరిమితులకు లోబడి' అనే ముక్క కూడా ఉంది.

"ఒక చేత్తోని ఇచ్చి ఇంకో చేత్తోని గుంజుకున్నరు సార్. ఓటు హక్కుకు గిట్లనే రాసిన్రా? స్తోమత ఉంటేనే ఓటేయనిస్తం అని?"

రెండువేల పది గ్రామసభలో ఆమె ఆవరణలో కూర్చుని, పైన వరండాలో ఉన్నవాళ్లకు వినిపించేలా గొంతు చించుకుని ర్యాంపు అడిగింది. అప్పటి సర్పంచ్ సరే అన్నాడు. ఏకగ్రీవ తీర్మానం. నా చేత్తో నేనే రాశాను. పైసా కేటాయింపు లేని తీర్మానాలన్నీ ఏకగ్రీవమే అవుతాయి.

ఆ ఏడాదే మేడ్చల్‌లో సదరం క్యాంపు పెట్టారు. డాక్టర్లు ఒక్కొక్కరికీ వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్లు ఇచ్చారు. నలభై దాటితే పింఛను. మా ఊరి నుంచి సుమయ్యతో పాటు ఆటోలో బుచ్చవ్వ కూడా వెళ్లింది. కూలి పనికి పోయే ముసలావిడ. పత్తికట్టె గుచ్చుకుని ఒక కన్ను పోయింది, రెండో కంటికి మసక. సుమయ్యకు ఎనభై శాతం వచ్చింది, బుచ్చవ్వకు ముప్పై.

"రెండో కన్ను గూడ పోయినంక రమ్మంటున్నడా బిడ్డా ఆ డాక్టరు?" అని బుచ్చవ్వ అమాయకంగానే అడిగిందట.

మర్నాడు నాతో సుమయ్య అంది, "నేను పాసైన సార్, అవ్వ ఫెయిలైంది. నేను పాసైనందుకు అబ్బా ఇంటికాడ సేమియా జేసిండు. నాకు మింగుడు వడలే."

ఒంటరిగా రాసే అర్జీలతో పని జరగదని ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది. శంకరయ్య దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. శంకరయ్య కూలీల సంఘం నాయకుడు. క్వారీలో రాళ్లు కొట్టిన మనిషి, ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. లంచం తినడు, అబద్ధం ఆడడు. సుమయ్యకు పుస్తకాలిచ్చాడు, మీటింగులకు పిలిచాడు. సంఘం ఆఫీసు శామీర్‌పేటలో ఒక టీ హోటల్ మీద అంతస్తులో ఉండేది. ఆమె కోసం ఆయనే కిందికి దిగి హోటల్ ముందు బెంచీ మీద కూర్చునేవాడు. ఆమె ఆ గౌరవాన్ని ఎప్పుడూ మర్చిపోలేదు. సంఘం కోర్కెల పత్రంలో వికలాంగుల సంగతి చేర్చమని అడిగింది.

"బిడ్డా, అసలు రోగం వర్గం. ఒక్కసారి దోపిడీ పోయిందంటే ఇవన్ని దానెంబడే పోతయ్" అన్నాడాయన.

"గప్పటిదాక నేను కిందనే ఉండాల్నా అన్నా?"

శంకరయ్య చివరికి ఒప్పుకుని పదిహేడో కోర్కెగా రాసుకున్నాడు. అచ్చయి వచ్చిన కరపత్రంలో పదహారే ఉన్నాయి. ఆయన స్వయంగా ఆమె ఇంటికి వచ్చి, తల దించుకుని చెప్పాడు. "కాయితంల జాగ సాలలేదు బిడ్డా. నేనే ఊళ్లె లేను, ప్రెస్సోళ్లు ఆఖరుది తీసేసిన్రు."

"ఆఖరుది మాదే ఉంటదని వాళ్లకెట్ల ఎరుకైందో సార్" అని నా దగ్గర వాపోయింది. శంకరయ్యను ఒక్క మాట అనలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోవడమే ఆమెను ఎక్కువ బాధ పెట్టినట్టు నాకనిపించింది.

రెండువేల పదకొండు ఆగస్టులో పంచాయతీల గడువు తీరిపోయింది. ఎన్నికలు లేవు. సర్పంచ్ పోయి స్పెషల్ ఆఫీసరు వచ్చాడు. పాత తీర్మానాలు పాత బీరువాలోకి వెళ్లాయి. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులన్నీ మూతపడ్డాయి. నాది తణుకు. పేరు బుల్లిబాబు. నోరు తెరిస్తే ఏ ఊరివాణ్ణో తెలిసిపోతుంది. తూంకుంటలో అద్దెగదిలో తలుపేసుకుని కూర్చున్నాను.

సుమయ్య కూర్చోలేదు. ఆమె చిన్నాన్న కొడుకు సోహైల్ మా వైపు ఉద్యమానికి పెద్ద దిక్కు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, మాట మంచిది, పిలిస్తే రెండొందల మంది వచ్చేవాళ్లు. బ్యానర్లన్నీ సుమయ్యే రాసింది. రోజూ నాలుగు కిలోమీటర్లు బండి తిప్పుకుంటూ శామీర్‌పేట చౌరస్తాలో రిలే దీక్షల టెంటుకు వెళ్లేది. రాష్ట్రం రావాలని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ల నాయిన బోర్లు ఎండిన కౌలుదారు.

ఒకరోజు టీవీవాళ్లు వచ్చారు. నలుగురు కుర్రాళ్లు ఆమెను అడక్కుండానే బండితో సహా ఎత్తి వేదిక మీద పెట్టారు. చప్పట్లు. సోహైల్ మైకు చేతికిచ్చి, "మా ఆపా సూడుండ్రి, మా అక్క! కాళ్లు లేకున్నా తెలంగాణ కోసం వచ్చింది" అన్నాడు.

సుమయ్య మైకు తీసుకుంది. "నన్ను నలుగురు లేపిన్రు. దింపేతప్పుడు గూడ నలుగురు రావాలె. నేను ఒక్కటే అడుగుత. రేపు వచ్చే తెలంగాణల స్టేజీకి మెట్లే ఉంటయా, బండి ఎక్కే తొవ్వ గూడ ఉంటదా?"

జనం నవ్వారు, ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ ముక్క టీవీలో రాలేదు. కిందికి దింపాక సోహైల్ నెమ్మదిగా అన్నాడట, "ముందుగాల రాష్ట్రం రానీ ఆపా. వచ్చినంక గివన్ని అవే వస్తయ్."

సమ్మె ముగిశాక ఆఫీసు తెరిచాను. ఆమె ఆవరణలోకి వచ్చి ఆ సంగతంతా చెప్పింది. "ఎర్రజెండా ఆయన విప్లవం వచ్చినంక అంటడు సార్. మావోడు రాష్ట్రం వచ్చినంక అంటడు. మీ చట్టం పైసలు వచ్చినంక అంటది. అందరు మంచోళ్లే. అందరు నన్ను లైన్ల నిలబడమంటరు. నిలబడరాదని తెలిసి గూడ."

రెండేళ్లు అలాగే గడిచాయి. ఆమె అర్జీ ప్రతి మూడు నెలలకూ ఒకటి వచ్చేది. నేను రసీదు ఇచ్చేవాణ్ణి. మా మధ్య అదొక అలవాటయింది. నాకు సిగ్గు వేయడం కూడా మానేసింది.

రెండువేల పదమూడు జూలైలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఆరో వార్డు మహిళలకు రిజర్వయింది. సుమయ్య నిలబడతానంది. సోహైల్ సర్పంచ్‌గా నిలబడుతున్నాడు. "మా ప్యానల్‌ల రా ఆపా" అని పిలిచాడు. శంకరయ్యా పిలిచాడు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగింది, మా గురించి మీ కాయితంల ఏం రాసిన్రు అని. ఇద్దరూ గెలిచాక రాద్దామన్నారు. ఒంటరిగా నిలబడింది.

నామినేషను ఆఖరి రోజు ఎన్నికల అధికారి మా ఆఫీసులోనే, పై గదిలో కూర్చున్నాడు. పొరుగు మండలం నుంచి వచ్చిన మాస్టారు, రూలు దాటని మనిషి. రెండున్నరకు సుమయ్య ఆవరణలోకి వచ్చింది. కాగితం అటెండరుతో పంపమన్నాడాయన. అలా పంపితే చెల్లదని ఆమెకు తెలుసు. ప్రతిపాదించినవాళ్లు తేవచ్చన్నాడు. ఆమెను ప్రతిపాదించింది బుచ్చవ్వ. చూపు ఆనక మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"అభ్యర్థి కార్యాలయంలో స్వయంగా సమర్పించాలి. మూడింటికి తలుపు మూసేస్తాను" అని ఆయన కిటికీలోంచి చెప్పాడు. "ఎవరైనా ఎత్తి తీసుకురండి."

కుర్రాళ్లు ముందుకొచ్చారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నేను రెండు వైపులా చూస్తూ మెట్ల మధ్యలో నిలబడ్డాను. గోడ గడియారంలో పది నిమిషాలు తక్కువ మూడు.

"సార్!" అని కేకేసింది. "గేటు మీద బోర్డు ఏముందో జర సదువుండ్రి!"

గ్రామ పంచాయతీ కార్యాలయం, లాల్‌సాబ్‌గూడ అని ఉంది.

"నేను ఆ బోర్డు దాటి లోపటికొచ్చిన. నేను కార్యాలయంలనే ఉన్న. కార్యాలయంల ఉన్న మనిషి దగ్గర మీరు కాయితం తీస్కోవాలె. తీస్కోనంటే గదే కాయితం మీద రాసియ్యుండ్రి."

మాస్టారు చేతి పుస్తకం తిరగేశాడు. కార్యాలయం అంటే గదా, ఆవరణా అన్నది అందులో లేదు. రెండు నిమిషాలు తక్కువ మూడుకు రబ్బరు స్టాంపు పట్టుకుని మెట్లు దిగాడు. బుచ్చవ్వ చప్పట్లు కొట్టింది. నాలుగేళ్లలో సుమయ్య గట్టిగా నవ్వగా చూసింది ఆ ఒక్కరోజే.

పంతొమ్మిది ఓట్ల తేడాతో గెలిచింది. సోహైల్ సర్పంచ్ అయ్యాడు.

మొదటి సమావేశం పై హాల్లో. మీటింగులు కింద పెట్టమని సుమయ్య రాసిచ్చింది. ఒక్కరి కోసం ఊరి హాలు వదిలేస్తామా అన్నారు మిగతా సభ్యులు. వరసగా రాకపోతే సభ్యత్వం పోతుంది. ఆ రోజు ఆమె బండి మెట్ల పక్కన ఆపి, దిగి, మొదటి మెట్టు మీద మాకు ఎదురుగా కాక రోడ్డుకు ఎదురుగా కూర్చుంది. రెండు అరచేతులు వెనక ఆనించి ఒళ్లు లేపి రెండో మెట్టు మీదికి చేరింది. సాయానికి వచ్చినవాళ్లను వద్దంది. కాళ్లు ఒక్కోసారి పక్కకు జారుతుంటే చేత్తో సర్దుకుంటోంది. ఏడో మెట్టు ఎక్కేసరికి మోచేతుల దాకా దుమ్ము, దుపట్టా జారిపోయింది. హాల్లో ఉన్న మేమంతా గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాం. జాఫర్ గేటు దగ్గర నిలబడి అంతా చూశాడు. ఆయన క్యాలెండరు చూడలేదు.

ఆమె చాప మీద కూర్చుని ఊపిరి తీసుకుని, "అధ్యక్షా" అని మొదలుపెట్టింది. ర్యాంపు తీర్మానం మళ్లీ పెట్టింది. ఈసారి నిధులతో సహా అయింది. సోహైల్ ఆ రోజంతా ఎవరి మొహం చూడలేకపోయాడు.

ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలని ఆమె బొమ్మ గీసి ఇచ్చింది. ఏడు మెట్లంటే మూడున్నర అడుగులు, కాబట్టి నలభై రెండడుగులు, మధ్యలో ఒక మలుపు. ఆ బొమ్మ ఫైల్లో పెట్టాను. రెండువేల పద్నాలుగు ఫిబ్రవరిలో, ఎన్నికల కోడ్ వచ్చేలోపు అయిపోవాలని హడావుడిగా పని జరిగింది. వారం రోజుల్లో పూర్తి. నలభై రెండడుగులు వేస్తే కార్లు పెట్టుకునే జాగా పోతుందని కాంట్రాక్టరు పద్నాలుగు అడుగులకే ముగించాడు. పని పూర్తయిందన్న కాగితం నా ముందుకొచ్చింది. ఆ రోజు ఓటర్ల జాబితా పని మీద ఉన్నాను. టేపు పట్టలేదు. కిటికీలోంచి సిమెంటు కనిపించింది, సంతకం పెట్టాను. ఇది ఎవరో చేసింది కాదు, నేను చేసిందే.

ప్రారంభానికి నాయకులొచ్చారు. గోడకు నల్లరాయి, దాని మీద పద్నాలుగు పేర్లు. అడుగుకొక పేరు. సుమయ్యను ముందు పెట్టారు. ఆమె ర్యాంపు కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసింది.

"గిది జారుడుబండ సార్, ర్యాంపు గాదు."

"బైకు ఎక్కుతుంది మేడం, నేను చూశా" అన్నాడు కాంట్రాక్టరు.

ఇంకేమనేలోపే ముగ్గురు వెనక నుంచి బండిని తోసి పైకెక్కించారు. ఫోటో తీశారు. మర్నాడు జిల్లా పేపర్లో 'నెరవేరిన వికలాంగుల కల' అని పడింది. అప్పట్నుంచి అటెండరు తన బైకు దాని మీదుగా ఎక్కించి వరండా నీడలో పెట్టుకునేవాడు.

జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. సుమయ్య బండికి గులాబీ కాగితాలు కట్టింది, పిల్లలకు మిఠాయి పంచింది. ఆ సంతోషంలో నటనేమీ లేదు. పది రోజులాగి సోహైల్‌ను అడిగింది. "రాష్ట్రం వచ్చింది గదా తమ్మీ."

"ఇప్పుడే గదా ఆపా పుట్టింది, పసిగుడ్డు. జర టైం ఇయ్యాలె."

"పసిగుడ్డుకే టీకాలేస్తరు సోహైల్. పెద్దగైనంక ఏస్తే ఫాయిదా లేదు. నా కాళ్లు సూస్తలేవా?"

సోహైల్ పింఛను పెరుగుతుందని మాత్రం చెప్పాడు. అది నిజంగానే పెరిగింది, మూడింతలైంది. సుమయ్య కాదనలేదు, మంచిదే అంది. బుచ్చవ్వ ముప్పై శాతం దగ్గరే ఉండిపోయింది.

సెప్టెంబరు సమావేశం అయ్యాక సన్నగా తుంపర పడుతోంది. సుమయ్య ర్యాంపు మీద నుంచి దిగుతుండగా బ్రేకు తీగ తెగింది. బండి ఆగలేదు. సూటిగా వెళ్లి గేటు స్తంభానికి కొట్టుకుంది. పరుగెత్తుకెళ్లేసరికి ఆమె కింద పడి ఉంది. కుడి మణికట్టు వంకర తిరిగిపోయింది. నొప్పికి పెదవి కొరుక్కుంది గాని ఏడవలేదు. ఆటోలో ఎక్కిస్తుంటే మాత్రం, "నేను రాసే చెయ్యి సార్ ఇది. బండి తిప్పే చెయ్యి గూడ ఇదే" అంది. అప్పుడు ఏడ్చింది. మేడ్చల్ దాకా ఆమె ఏడుస్తూనే ఉంది, నేను పక్కన కూర్చుని ఫోను తీసి చూస్తూ మళ్లీ జేబులో పెట్టుకుంటూ ఉన్నాను.

ఆరు వారాల కట్టు. సోహైల్ పండ్లు తెచ్చాడు. సహాయ నిధి నుంచి ఎంతో కొంత ఇప్పిస్తానన్నాడు. ఆమె వద్దంది. తీర్మానం కావాలంది. ర్యాంపు పగలగొట్టాలి, సరైనది కట్టేదాకా సమావేశాలన్నీ బడి వరండాలో జరగాలి.

"పగలగొట్టుడేంది ఆపా? పెద్దోళ్ల పేర్లున్నయ్ దాని మీద!"

"పేర్లు గోడ మీదున్నయ్. రాయి ఊడబీకి నీ ఇంట్ల పెట్టుకో. నాకు కింది సిమెంటు పోవాలె."

"జనం ఏమనుకుంటరు? నువ్వే అడిగినవ్, నువ్వే కూలగొడ్తానవ్ అంటరు."

"అననీ. రేపు ఇంకోళ్లు పడితే నేనే అడిగిన ర్యాంపు మీద పడ్డరంటరు. గది నేను మొయ్యలేను."

ప్రమాదకరమని ఇంజినీరు రాసిస్తే గాని కూలగొట్టడానికి వీల్లేదు. ఇంజినీరు రాయాలంటే కొలతలు తప్పని తేలాలి. తేలితే నా సంతకం బయటికొస్తుంది. నాలుగు రోజులు ఫైలు బల్ల మీదే పెట్టుకుని తిరిగాను. మంచి మనసు ఉందనుకున్నవాడికి ఆ నాలుగు రోజులు ఎక్కువే. అయిదో రోజు టేపు పట్టి కొలిచి, పద్నాలుగు అడుగులని రాసి, కొలవకుండా సంతకం చేశానని కింద రాసి పంపాను. నాకు మెమో వచ్చింది. అది రావాల్సిందే. ఇంజినీరు రాసిచ్చాడు. పదిమంది సభ్యుల్లో ఆరుగురు చేతులెత్తారు. ఆ ఆరుగురిలో సోహైల్ వదినె ఒకత్తె.

నవంబరులో గడ్డపారలతో ముగ్గురు కూలీలు వచ్చారు. ఊరు ఊరంతా గేటు దగ్గర. "దానికి పిచ్చి లేసింది" అన్నవాళ్లే ఎక్కువ. శంకరయ్య శామీర్‌పేట నుంచి వచ్చి ఆమె బండి పక్కన నిలబడ్డాడు. సుమయ్య కట్టు విప్పిన చేతిని ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. సిమెంటు పెచ్చులు ఊడుతుంటే ఆమె మొహంలో గెలిచిన కళ ఏమీ లేదు. ఐదేళ్లు అడిగి సాధించిన ఒక్కదాన్నీ తానే కూలగొట్టించుకుంటున్న మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. మధ్యాహ్నానికి మళ్లీ ఏడు మెట్లే మిగిలాయి. నలభై రెండడుగుల కొత్త అంచనా పైకి పంపాం. జవాబు రాలేదు.

డిసెంబరు సమావేశం బడి వరండాలో జరిగింది. అక్కడ ఒకే ఒక్క చిన్న గడప. దానికి చెక్క ముక్క వేస్తే చాలింది. సభ్యులు పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని సణుక్కున్నారు. ఒకటి మాత్రం నిజం. పై హాల్లో మీటింగులకు ఎన్నడూ రాని ముసలివాళ్లు వచ్చి నేల మీద కూర్చున్నారు. బుచ్చవ్వ వచ్చి తన ముప్పై శాతం మీద అర్జీ రాయమంది. కుడి చేతికి ఇంకా పట్టు రాలేదు, సుమయ్య ఎడమ చేత్తో రాసింది. ఆ చేత్తో ఆమె అక్షరాలు ఒకటో తరగతి పిల్లవి. నేను రాసిస్తానంటే, "చదవరాకపోతే అప్పుడు రాద్దురు" అంది.

మురిక్కాలువ తగాదా రెండు గంటలు నడిచింది. ర్యాంపు ఏడో అంశం. అది వచ్చేసరికి ఆరుగురు సభ్యులు బస్సు టైమైందనీ, పెళ్లికి పోవాలనీ లేచి వెళ్లిపోయారు. కోరం లేదు. సోహైల్ నా వైపు చూశాడు. వాయిదా అని రాయక తప్పలేదు.

సుమయ్య ఖాళీ బెంచీల కేసి చూసింది. "వచ్చే నెల దీన్ని మొదటి అంశం పెట్టుండ్రి సార్" అంది, గొంతులో విసుగు దాచుకోకుండానే. "మురిక్కాలువ ఏడోది పెట్టుండ్రి. దానికైతే అందరు ఆఖరుదాక కూసుంటరు."